ఇరవై సెకన్ల వరుసలు

హార్లన్ రేవు, మిషిగన్
అక్టోబరు 9, 1986

అమ్మకు, నేను కులాసా.

ఓడలొస్తే పైకి లేచే ఇక్కడి వంతెనను నడిపే కంప్యూటరు ప్రోగ్రామును పాత అసెంబ్లీ భాష నుంచి, మనిషి చదవగలిగే సీ భాషలోకి మారుస్తున్నాను. వంతెన లేచే ముందు గంట మోగాక ఇరవై సెకన్లు ఊరికే ఆగమనే వరుసలు అందులో దొరికాయి. అది రాసిన హోలిస్ ముసలాయనకు ఫోను చేస్తే, "వాటి జోలికి పోకమ్మా" అని పెట్టేశాడు. ఏదో దాస్తున్నాడనిపించి వంతెన దగ్గర కాపు కాశాను. గంట మోగాక కాపలాదారు కుంటుతూ వంతెన దిగడానికి సరిగ్గా ఇరవై సెకన్లు పట్టింది.

"పైవాళ్లకు చెప్తావా తల్లీ? కాలు సంగతి తెలిస్తే ఇంటికి పంపేస్తారు" అన్నాడు కాపలాదారు, నన్ను చూసి. అతని పేరు రాయను, కార్డు ఎవరైనా చదువుతారు.

ఆ వరుసలు కొత్తదాంట్లోనూ పెట్టాను. "ఇవెందుకు?" అన్నాడు మా మేనేజరు. "అవి లేకపోతే వంతెన లేవదండీ" అన్నాను. అప్పటినుంచి నన్ను అదోలా చూస్తున్నాడు.

నా ఉన్ని చేతి తొడుగులు పంపు. నాన్న దగ్గు తగ్గిందా? చెల్లికి ముద్దులు. చదివాక ఈ కార్డు పొయ్యిలో వెయ్యి.

నీ వెర్నా