ఆరో సెమిస్టర్‌లో నాయిన

జగిత్యాల, బాలికల హాస్టల్
18 జనవరి 2026, ఆదివారం

నా నాయినకు,

నీ భాగ్య రాస్తున్నది. కవరు చూసి గాబరా పడకు. నేను బాగున్నాను, హాస్టల్ కూర కూడా ఈ నెల కొంచెం నయం. ఈ సంగతి ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను. కానీ కోరుట్లలో నీ గదిలో మక్కజొన్నల గోదాం పనివాళ్లు ఇంకా ముగ్గురుంటారు. నువ్వేమో నా ఫోన్ రాగానే స్పీకర్ పెట్టి, "మా భాగ్యశ్రీ, డిగ్రీ ఆఖరు సంవత్సరం" అని అందరికీ వినిపిస్తావు. నేను చెప్పాల్సింది నీ ఒక్కడికే. అందుకని పోస్టాఫీసుకు పోయి కవరు అడిగాను. కౌంటర్లో ఉన్న పెద్దాయన నన్ను కిందికీ మీదికీ చూసి, "ఎవలికి రాస్తున్నవమ్మా, కోర్టుకా?" అన్నాడు.

నాయినా, ఈ ఏడు మా చదువు రుచే మారిపోయింది. మొదటి రెండేళ్లూ పేర్లు బట్టీ పట్టడం, బొమ్మలు గీసి భాగాలు గుర్తించడం, అంతే. ఆఖరు సంవత్సరంలో కణం లోపలికి పోయాం. ఉల్లిగడ్డ వేరు కొసకు రంగు పట్టించి, గాజుపలక మీద పెట్టి బొటనవేలితో నొక్కితే, ఒక కణం రెండుగా చీలబోతూ మధ్యలో ఆగిపోయి కనిపిస్తుంది. మొదటిసారి చూసిన రోజు మధ్యాహ్నం అన్నానికి పోవడమే మరిచిపోయాను. సీసాల్లో అరటిపండు గుజ్జు వేసి పండ్ల ఈగలను కూడా పెంచుతున్నాం. తెల్ల కళ్ల తల్లికి, ఎర్ర కళ్ల తండ్రికి ఎట్లాంటి పిల్లలు పుడతాయో చూడాలి. ఈ మాట చెబితే మా వార్డెన్ నమ్మలేదు. "ఈగలను పెంచుతరా? సదువుకునేటోళ్లు చేసే పనేనా గిది?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మాకు జెనెటిక్స్ చెప్పేది గీత మేడం. పదిహేను రోజుల కిందట ఆమె ల్యాబుకు ఒక పుస్తకం తెచ్చింది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు. ఆ చుక్కల్లో ఒక అంకె దాగి ఉంటుంది. ఒక్కొక్కరినీ పిలిచి చదవమంది. అందరం గడగడా చదివేశాం. బీర్పూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే హరీశ్ మాత్రం, మాకు ఎనిమిది కనిపించిన చోట మూడు అన్నాడు. ఇంకో పేజీ తిప్పితే, "ఇండ్ల ఏం లేదు మేడం, ఉత్త చుక్కలే" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"నవ్వకుండ్రి," అంది మేడం. "వీని కండ్లు మంచిగనే ఉన్నయి. మనకు ఎరుపు, ఆకుపచ్చ వేరువేరుగ కనబడ్తయి. వీనికి రెండు దగ్గర దగ్గరగ ఒక్కతీరుగ కనబడ్తయి. పుట్టుకతోనే అట్ల ఉంటది, రోగం కాదు."

హరీశ్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "గందుకేనా మేడం! పండు మిరపకాయలు తెంపుమంటే పచ్చియి తెంపుకచ్చి మా అమ్మతోని ఎన్ని దెబ్బలు తిన్ననో!"

అందరూ మళ్లీ నవ్వారు. నాకు మాత్రం నువ్వు కనబడ్డావు నాయినా.

అమ్మ నిన్ను ఏనాడూ టమాటాలు తెమ్మని పంపలేదు. నువ్వు తెల్ల అంగీ తప్ప వేరేది తొడగలేదు. ఆరో తరగతిలో బడికి ఎర్ర రిబ్బన్లు కావాలంటే నువ్వు ఆకుపచ్చవి తెచ్చావు. నేను ఏడ్చాను. అమ్మ ఒక్క మాట అనకుండా పోయి మార్చుకొచ్చింది. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాక, ఆఖరికి లచ్చయ్య ఆసామి కొట్టం కళ్ల ముందు నిలిచింది.

అప్పుడు నేను ఏడో తరగతి. సిరిసిల్లలో ఆయన కరెంటు మగ్గాల మీద నువ్వు చీరలు నేస్తున్నావు. బడి విడిచాక నేను నీ దగ్గరికి వచ్చేసరికి ఆ సాంచాలన్నీ ఆపేసి ఉన్నాయి. ఎర్ర కొంగు రావాల్సిన చీరలకు ఆకుపచ్చ కొంగు వచ్చింది. నువ్వు ఎర్ర నూలు కండెల బదులు ఆకుపచ్చవి పెట్టావు. లచ్చయ్య ఆసామి అందరి ముందూ అరిచాడు, "తాగి నేసినవార రాజమల్లు?" అని. నువ్వు తల దించుకుని, "అవును" అన్నావు.

ఆ "అవును" నేను విన్నాను. మీ నాయిన చుక్క ముట్టడని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా, ఆ తర్వాత నేను నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేది ఎనిమిదేళ్లుగా నా గొంతులో ఉన్న మాట. ఆ వారంలోనే ఒక రోజు వాన పడుతుంటే నువ్వు గొడుగు పట్టుకుని మా బడి గేటు దగ్గరికి వచ్చావు. నా పక్కన మనీషా ఉంది. "గాయన మీ నాయిన గదా?" అంది. "కాదు, మా పక్కింటాయన" అన్నాను. గొడుగు తీసుకోకుండా తడుస్తూ ఇంటికి పోయాను. నన్ను మన్నించు నాయినా. నువ్వు తాగలేదు. నీకు ఆ రంగు కనిపించలేదు, అంతే.

నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. ఈ గుణం ఎక్స్ అనే క్రోమోజోమ్ మీద వస్తుంది. ఆడవాళ్లకు అవి రెండుంటాయి, ఒకటి తప్పినా రెండోది ఆదుకుంటుంది. మగవాళ్లకు ఒక్కటే. నీకు అది మీ అమ్మ నుంచి వచ్చింది. నువ్వు నాకిచ్చిందీ అదే, ఇవ్వడానికి నీ దగ్గర ఇంకొకటి లేదు. అమ్మ ఇచ్చిన రెండోది ఉండబట్టి నేను అన్ని రంగులూ చూస్తున్నాను. అంటే నీ చూపు నాలో దాగి ఉంది. ఈ పాఠం చదివిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆరో సెమిస్టర్‌లో ప్రతి ఒక్కరం ఒక ప్రాజెక్టు చేయాలి. నేను మన ఇంటి వంశపటం గీస్తున్నాను. అందులో మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. ఆ గుణం ఉన్నవాళ్ల గుర్తును నల్లగా నింపుతారు. పరీక్షకు బయటి నుంచి వచ్చే సారు ముందు, క్లాసు ముందు దాన్ని గోడకు పెట్టి చెప్పాలి. నీ చదరం ఖాళీగా ఉంచాను. నువ్వు వద్దంటే వేరే ఎవరి ఇంటి పటమైనా గీస్తాను. ఏమీ దాచకుండా రాయి. పుస్తకాల భాష వద్దు, నువ్వు మాట్లాడినట్టే రాయి.

నీ గొడుగు కింద నడవాల్సిన బిడ్డ,
భాగ్యశ్రీ

కోరుట్ల
1 ఫిబ్రవరి

నా బంగారి బిడ్డకు,

మాట్లాడినట్టే రాయుమన్నవు గనుక రాస్తున్న. తప్పులుంటె దిద్దుకో. నేను సదివింది ఏడో తరగతి దాకనే. నీ ఉత్తరం గోదాం గేటు కాడ ఇచ్చిండ్రు. మక్కల బస్తాల మీద కూసోని సదివిన. జేబుల వెట్టుకోని, మల్ల తీసి సదివిన. "ఏందన్నా, లాటరీ తగిలిందా?" అని మావోళ్లు అడిగిండ్రు. అవునన్న.

బిడ్డా, నువ్వు కనిపెట్టింది నాకు ముందుగాల్నే ఎర్కే. నువ్వు ఐదో తరగతిల ఉన్నప్పుడు దుబాయిల డ్రైవర్ పని ఉన్నదంటె పోయిన గదా. పోయినట్టే వాపస్ అచ్చిన, యాదికున్నదా? అక్కడ పరీక్షల గీ చుక్కల పుస్తకమే ముందట వెట్టిండ్రు. "నీకు రంగులు ఆనుతలేవయ్యా, డ్రైవర్ పనికి పనికిరావు" అన్నడు డాక్టర్ సాబు. ఇంటికచ్చి మీ అమ్మకొక్కదానికే చెప్పిన. గప్పటి సంది మీ అమ్మ నర్సవ్వ రోజు పొద్దుగాల కొట్టానికచ్చి నా కండెలు వేరు చేసి పెట్టేది. ఎర్రయి కుడి దిక్కు, పచ్చయి ఎడమ దిక్కు. ఎవ్వలకు అనుమానం రాకుంట, నాకు సద్ది తెచ్చినట్టు వచ్చేది. గా దినం ఆమెకు జరమచ్చి లేవలే. నేను అందాజ మీద పెట్టిన. అందాజ తప్పింది.

లచ్చయ్య తాగినవా అంటె అవునని ఎందుకన్ననో ఇను. తాగి తప్పు చేసినోన్ని నాలుగు తిట్టి తెల్లారి మల్ల పనికి పిలుస్తరు. రంగులు ఆనవు అంటె ఊరు మొత్తంల ఒక్క సాంచా కాడ నిలబడనియ్యరు. గంతే కాదు, రాజమల్లుకు కండ్లల్ల ఏదో ఉన్నది, బిడ్డకు కూడ ఉంటది అని నీకు అంటగడ్తరు. గందుకే తాగుబోతు పేరు నేనే తీస్కున్న. నాకు గది పెద్ద బరువు గాలే. గని నువ్వు కూడ నిజమనుకుంటవని అనుకోలే. గక్కడ నేను తప్పు చేసిన. పిల్లకేం చెప్పాలె అనుకున్న. పిల్లకే ముందు చెప్పేదుండె.

గేటు కాడి మాట నేనిన్న బిడ్డా. ఇంటికచ్చి, "నీ బిడ్డ నన్ను పక్కింటాయనను జేసింది" అని మీ అమ్మతోని నవ్విన. లోపల బాధనిపిచ్చింది, అబద్ధమెందుకాడాలె. గని గా సాయంత్రమే నువ్వు తడిసిన జుట్టుతోని నా పక్కన కూసోని లెక్కలు చేసుకున్నవు. ఆడికే పోయింది. నువ్వింకా మోస్తున్నవని తెలిస్తె ఎప్పుడో దించుతుంటి.

మీ అమ్మకు నడుము నొప్పి అచ్చినంక ఆమెను తిప్పలు పెట్టుడెందుకని సాంచాలు ఇడిసి ఈడికచ్చిన. మక్కలన్ని ఒక్కతీరే ఉంటయి. రంగుల పంచాదే లేదు.

ఇగ నీ పటం. నా డబ్బ నింపు. మంచిగ నల్లగ నింపు, పేరు కూడ రాయి. ముస్తాబాద్ల మా మేనమామ పోశం ఉండె గదా, గాయన కూడ నా లెక్కనే. ఎర్రావు, పచ్చ గడ్డి ఒక్క రంగే అనేటోడు, అందరు మజాక్ చేస్తున్నడు అనుకునేటోళ్లు. గాయన డబ్బ కూడ నింపు. నాకు తోడుంటడు.

ఇంకోటి. మీ మేడం గా పుస్తకం మల్ల నాకు చూపిస్తదా? దుబాయి పరీక్షల నాలుగు పేజీలు తిప్పి మూసేసిండ్రు. మిగిలినయి చూడాలె అని ఉన్నది. నువ్వు రమ్మంటె పరీక్షనాడు నేనే వస్త.

నీకు రంగులన్ని ఆనుతున్నయని సంబరపడే
నాయిన రాజమల్లు

జగిత్యాల
12 ఏప్రిల్, ఆదివారం

నా నాయినకు,

నిన్న నువ్వు నాలుగు గంటల బస్సుకని ఉరుకులు పరుగుల మీద పోయావు. పుస్తకం మీదికి వంగి నిలబడ్డావు కాబట్టి నీ వెనక మా ముఖాలు ఎట్లా ఉన్నాయో నువ్వు చూడలేదు. నువ్వు పోయాక ఏమైందో కూడా నీకు తెలియదు. అందుకే మళ్లీ కవరు కొన్నాను. ఈసారి పోస్టాఫీసు పెద్దాయన, "కేసు గెల్సినవా?" అని అడిగాడు. గెలిచానన్నాను.

మొదట నా సంగతి. గోడకు పటం పెట్టి నిలబడ్డాను. బయటి నుంచి వచ్చిన సారు పొద్దుటి నుంచీ ఎవరి ముఖమూ సరిగ్గా చూడలేదు. "ఈ నల్ల చదరం ఎవరిది?" అని విసుగ్గా అడిగాడు. నేను చెప్పేలోపే నువ్వు చివరి బల్ల దగ్గర నుంచి చెయ్యి ఎత్తి, "నాదే సార్! రాజమల్లు" అన్నావు, హాజరు పలికినట్టు. ఆయన కళ్లద్దాలు తీసేశాడు. ఆ రోజులో ఆయన నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత నేను ఏం చెప్పానో నాకే గుర్తు లేదు, కానీ ఎక్కడా తడబడలేదని మేడం అంది.

సూక్ష్మదర్శినిలో నీకు ఉల్లి కణం చూపించినప్పుడు నువ్వన్నది కూడా అందరికీ నచ్చింది. "నూలు చిక్కువడ్డది మేడం. మెల్లగ విడదీస్తున్నట్టున్నది" అన్నావు. అందులో కనిపించే క్రోమోజోముల గురించి మా పుస్తకంలో కూడా దారాల్లాంటివనే రాసి ఉంది. మూడేళ్లు చదివి మేము రాసే జవాబు నువ్వు ఒక్క చూపులో చెప్పావు.

ఇక ఆ చుక్కల పుస్తకం. గీత మేడం ఒక్కో పేజీ తిప్పుతుంటే నువ్వు తప్పు చెబుతూ పోయావు. ఎనిమిది ఉన్నచోట మూడు. ఇరవై తొమ్మిది ఉన్నచోట డెబ్బై. తర్వాత వరుసగా ఏమీ లేదు, ఏమీ లేదు. నేను నా గోళ్లు చూసుకుంటూ నిలబడ్డాను. నిన్ను ఇంత దూరం పిలిచి అందరి ముందూ ఓడిస్తున్నానేమో అనిపించింది. చాలు మేడం అందామని నోటిదాకా వచ్చింది.

అప్పుడు మేడం ఇంకో పేజీ తిప్పి, నిన్ను కాకుండా మమ్మల్ని అడిగింది, "మీకేం కనబడ్తుంది?" అని. ముందుకు వంగి చూశాం. చుక్కలు, చుక్కలు, అంతే. ఎవరికీ ఏమీ కనిపించలేదు. సారుకూ కనిపించలేదు.

నువ్వు మా వైపు తిరిగి, ఎవరో ఆటపట్టిస్తున్నారేమో అన్నట్టు చూశావు. "గిండ్ల నలభై ఐదు ఉన్నది గదా?" అన్నావు.

మేడం పుస్తకం వెనక జవాబుల పట్టిక తీసి సారు చేతికిచ్చింది. ఆయన చదివి, మళ్లీ చదివి, "నలభై ఐదే" అన్నాడు. అంతలో వెనకెక్కడో ఉన్న హరీశ్ బల్లలు తోసుకుంటూ వచ్చి పేజీ చూసి, "నాకు గూడ గదే కనబడ్తుంది అన్నా! నలభై ఐదు!" అని నీ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయే కళ్లకే తెలిసేట్టు కొన్ని పేజీలు కావాలనే తయారు చేస్తారని, మామూలు చూపున్నవాళ్లు ఎంత ప్రయత్నించినా అవి కనిపించవని మేడం చెబుతూనే ఉంది. ఎవరూ వినలేదు. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి.

నువ్వు మాత్రం చప్పట్లు పట్టించుకోలేదు. పుస్తకం రెండు చేతులా పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయావు. "గింత పెద్దగ రాసి పెట్టిండ్రు. నీకు ఆనుతలేదా బిడ్డా? జర ఎలుగుకు పట్టి చూడు. మెల్లగ చూడు, తొందరేం లేదు" అని అందరినీ ఓదార్చావు. ఏనాడూ నిన్నెవరూ అట్లా ఓదార్చలేదు నాయినా. అది తలుచుకుని నేను కిటికీ వైపు తిరిగి నవ్వుతూ ఏడ్చాను.

నువ్వు పోయాక సారు అందరి మార్కులూ వేసి, సంచి సర్దుకుని, మళ్లీ కూర్చున్నాడు. ఆ పేజీ తీసి దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు, కళ్లద్దాలు తీసి చూశాడు. వచ్చే ఏడు బ్యాచ్‌కు కూడా నువ్వు రావాలని గీత మేడం చెప్పమంది. నేను ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు జెనెటిక్స్ పెట్టాను. నిన్న మొన్నటిదాకా ఏం చేయాలో తేలలేదు, నిన్న సాయంత్రానికి తేలిపోయింది. రాత్రి అమ్మకు ఫోన్ చేసి అంతా చెబితే, "కండెలు వేరు చేసి పెట్టిన కాడికి నాకేం మార్కులు లేవా?" అంది. పటంలో నీ చదరం పక్కన ఆమె సున్నా ఉందని, నాకు రంగులన్నీ ఆమె ఇచ్చినవేనని చెప్పాను. "గిన్ని దినాలకు మంచి సంగతి సదివినవు" అంది.

మేడం ఆ పుస్తకం నాకు రెండు రోజులకు ఇచ్చింది. ఇప్పుడు నా ముందే ఉంది, అదే పేజీ తెరిచి ఉంది. సెలవుల్లో నువ్వూ నేనూ సిరిసిల్ల ఇంటికి చేరినప్పుడు దాని ఫొటో తెస్తాను. నీ వేలితో నలభై ఐదును చుక్క చుక్కకూ గీసి చూపించు నాయినా. నువ్వు చూపించకపోతే అది నాకు ఎన్నటికీ కనబడదు.

నీ చూపు మోస్తున్న
భాగ్యశ్రీ