కామాలు మార్చే ప్రోగ్రాం

తమ్ముడూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. పటాన్‌చెరు ల్యాబ్‌లో నీ చోటికి వచ్చిన సతీష్ మొన్న ఇంటికొచ్చాడు. తూకం మిషన్ ఇప్పటికీ ఫైల్లో రాసే అంకెల్లో దశాంశ చుక్కకు బదులు కామా పెడుతోందట. డ్యూటీ అయ్యాక కూర్చుని ఒక్కొక్కటీ మారుస్తున్నాడట, నీలాగే. నువ్వేమో "పనుందక్కా" అనేవాడివి తప్ప ఏం పనో ఎన్నడూ చెప్పలేదు.

కాలేజీలో పిల్లలకు నేను చెప్పే సి లాంగ్వేజ్‌లోనే చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. ఒక్కో అక్షరం చదువుతుంది. కామా అయితే చుక్క పెడుతుంది, కాకపోతే ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. కమాండ్ కొట్టగానే ఫైలంతా మారిపోయింది.

"ఇగ నేను గూడ కంపెనీ బస్సుకే పోతనక్కా," అన్నాడు సతీష్.

డ్యూటీ అవగానే బయల్దేరే ఆ బస్సు నీకు రోజూ తప్పేది, ఆలస్యంగా ఆటోలో వచ్చేవాడివి. నువ్వొచ్చేసరికి అన్నం వేడిగా ఉండాలన్నట్టు, నేనింకా ఆ బస్సు మన వీధి దాటాకే బియ్యం కడుగుతున్నాను.