తాతగారి పాత కారు

అక్కకు నమస్కారాలు. నేను కులాసాగానే ఉన్నాను, సెలవుకు రాలేదని అలగకు.

ఒక తాతగారి పాత కారు మా షెడ్డుకొచ్చింది. స్కానర్ పెడితే ఒక సిలిండర్ సరిగా మండడం లేదని కోడ్ చూపించింది. ప్లగ్గు, కాయిల్ మార్చినా అదే కోడ్. ఇంజిన్ విప్పాలి, వారం పడుతుందనేసరికి ఆయన మొహం వాడిపోయింది.

"మా ఆవిడకి రోజు విడిచి రోజు డయాలసిస్ బాబూ. తను బస్సు మెట్లు ఎక్కలేదు," అన్నారు.

మా ఓనరు తన కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. అందుకే సెలవు మానుకుని వాళ్లను ఆసుపత్రికి తిప్పాను, మిగతా వేళల్లో ఇంజిన్ పని చూశాను. కాలిపోయిన వాల్వు మార్చాక నిన్న ఆ కోడ్ పోయింది. మామ్మగారు వెనక సీట్లో సర్దుకుని, "ఏమండీ, ఇంకా స్టార్ట్ చెయ్యరేం?" అన్నారు. అప్పటికే ఇంజిన్ నడుస్తోంది. తాతగారు నవ్వబోయి కళ్లు తుడుచుకున్నారు.

అమ్మ కంటి చుక్కలు వేసుకుంటోందా? ఇటు ఎవరైనా వస్తుంటే నా స్వెట్టర్ పంపు. బావగారికి నమస్కారాలు, మేనకోడలికి ముద్దులు. అమ్మకు ఇది చదివి వినిపించేటప్పుడు ఆసుపత్రి మాట దాటెయ్యి, నాకే ఏదో అయిందని బెంగపెట్టుకుంటుంది.

నీ తమ్ముడు