ఆరు వారాల విధేయత

జూన్ 3, ఆదివారం

ఈ రోజు చర్చిలో చెల్లి నా పరువు తీసింది. గంట కొట్టే ముసలాయన్ని ఎవరినీ అడక్కుండా పనిలోంచి తీసేశారని, ఆరాధన మధ్యలో లేచి పాస్టరుగారిని నిలదీసింది. అడిగినదాంట్లో తప్పు లేదు. కానీ ఆ గొంతేమిటో. సంతలో బేరమాడుతున్నట్టు అరిచింది. నాకు తల కొట్టేసినట్టయింది.

క్షమాపణ అడిగేదాకా తనతో ఎవరూ మాట్లాడొద్దని పాస్టరుగారు అందరి ముందే చెప్పారు. బయటికొచ్చాక నన్ను పక్కకి పిలిచి, ఇంట్లో కూడానమ్మా అన్నారు. సరేనన్నాను. దేవుడు పెట్టిన అధికారానికి లోబడాలి. అందులో నాకు రెండో ఆలోచన లేదు.

జూన్ 4

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ముందు గదిలో టైలరింగ్ షాపు. కస్టమర్లతో మాటలు, కటింగ్ నావి. కుట్టు తనది. మాటల్లేకుండా పని ఎలా సాగుతుందా అనుకున్నాను. సాగింది. కొలతలు చీటీ మీద రాసి, గుడ్డకి పిన్ను పెట్టి తన మెషిన్ మీద పడేశాను.

జూన్ 9

"కోపం ఉంటే నాలుగు తిట్టక్కా, ఇలా మూతి బిగించుకుని కూచోకు" అంది. నేను కత్తెర తీసుకుని కటింగ్ బల్ల దగ్గరికి వెళ్లిపోయాను.

జూన్ 15, సాయంత్రం

చెవుల్లో హోరుగా ఉందట. డాక్టరు దగ్గరికి తోడు రమ్మంది. దీని వేషాలు నాకు తెలియవా? చిన్నప్పుడు నేను అలిగితే కడుపునొప్పి అని ఏడ్చేది, నేను ఎత్తుకునేదాకా. నేను ఇస్త్రీ చేసుకుంటూ ఉండిపోయాను. కాసేపు నిలబడి చూసి, మెడికల్ షాపుకి వెళ్లి చుక్కల మందు తెచ్చుకుంది.

జూన్ 27

గంట ముసలాయన్ని మళ్లీ పనిలో పెట్టుకున్నారు. మొన్న ఆదివారం చర్చిలో ఇద్దరు ఆడవాళ్లు చెల్లి రావడం లేదేమని అడిగారు. వాళ్లకి అప్పుడే అంతా మామూలైపోయింది. నేను అలా కాదు. మాట్లాడమని నాకెవరూ చెప్పలేదు. చెప్పేదాకా ఆగడమే విధేయత.

మధ్యాహ్నం ఒక కస్టమరు చెల్లిని రెండుసార్లు పిలిచింది. ఇది తలెత్తలేదు. మీ చెల్లికి పొగరెక్కువ సుమండీ అంది ఆవిడ. అవునన్నాను.

జూలై 11

తనూ మాట్లాడటం మానేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జూలై 15, ఆదివారం

ఆరాధన అయ్యాక, ఇంకెన్నాళ్లండీ అని పాస్టరుగారిని అడిగాను. ఆయనకి వెంటనే అర్థం కాలేదు. తర్వాత ముఖం పాలిపోయింది.

"ఇంకా మాట్లాడటం లేదామ్మా? నేనా సంగతే మర్చిపోయాను."

పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాను. చెల్లి వంటగదిలో అటు తిరిగి గిన్నెలు తుడుస్తోంది. పిలిచాను. తిరగలేదు. గట్టిగా పిలిచాను. అలిగిందనుకున్నాను. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడింది. నా పెదాలు కదులుతున్నాయి. వాటినే చూస్తూ నిలబడిపోయింది.

జూలై 17

ఈఎన్‌టీ డాక్టరు టెస్టులన్నీ చేయించాడు. రెండు చెవులూ పోయాయి. మొదటి రెండు వారాల్లో వచ్చుంటే మందులతో నిలబెట్టే అవకాశం ఉండేదట. చర్చిలో అరిచిన రోజుకే మొదలై ఉంటుందన్నాడు. వినికిడి తగ్గుతుంటే తమ గొంతు ఎంత పెద్దదవుతోందో వాళ్లకి తెలియదట. అది పొగరు కాదు.

చీటీ రాస్తూ మామూలుగానే అడిగాడు, ఇంతయ్యేదాకా ఇంట్లో మాట్లాడేవాళ్లెవరూ గమనించలేదా అని.

నేను జవాబు చెప్పలేదు. అలవాటైపోయింది.

జూలై 18

పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఏడ్చారు కూడా. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రావడం లేదు. ఆయన ఒక మాట అని మర్చిపోయారు. దాన్ని నలభై రెండు రోజులు పట్టుకుని వేలాడింది నేను.

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి నిజం రాస్తున్నాను. మాట్లాడకపోవడం నాకు బాగుంది. చెల్లే వచ్చి లొంగాలనుకున్నాను. చర్చిలో తలెత్తుకుని నడిచాను. దాన్నంతా దేవుడి ఖాతాలో వేశాను. నా తోడబుట్టింది తోడు రమ్మంటే ఇస్త్రీ చేశాను. ఆ రోజు ఇస్త్రీ చేసిన బట్టలు ఎవరివో కూడా గుర్తు లేదు.

చెల్లి నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రి అన్నం తింటూ, వీధంతా వినపడేంత గట్టిగా చెప్పింది:

"నువ్వు మాట్లాడటం లేదు కాబట్టే ఏమీ వినపడటం లేదనుకున్నానక్కా."

జూలై 29, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. పొద్దుట్నించీ తన పక్కన కూచుని కబుర్లు చెబుతూనే ఉన్నాను. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. తను నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఇక చాలక్కా అంది.

నేను ఆపలేదు.