పడమటి వాకిలి

తమ్ముడు దేవదానానికి,

దేవుడు నీకు ఇకనైనా బుద్ధి ప్రసాదించుగాక.

మన నియోజకవర్గం రెండే ఎన్నికలు చూసి రద్దయింది. ఊరిని పులివెందులలో కలిపి పదేళ్లయింది. అప్పట్లో ఇక్కడ తలలు పగలగొట్టించిన ఇద్దరు నాయకులూ ఇప్పుడు ఒకే పార్టీలో వియ్యంకుల్లా తిరుగుతున్నారు. ఆదివారం చర్చికి మాత్రం అవతలి పార్టీ పేతురు వాళ్లు తూర్పు వాకిట్లోంచి, మీరు పడమటి వాకిట్లోంచి!

నా విమలకు తండ్రి లేడు. పెళ్లిలో చేయి పట్టి నడిపించాల్సిన మేనమామవు. పెళ్లికొడుకు పేతురు బంధువని, "ఆ తూర్పు వాకిట్లో కాలు పెట్టేదే లేదుక్కా" అని కబురంపుతావా?

పాస్టరుగారిని అడిగి, ఈ పొద్దున పడమటి వాకిలి ఇటుకలతో మూయించాను. గురువారం మిగిలిన వాకిలి ముందు విమల నీ చేయి కోసం నిలబడి ఉంటుంది.

ఇంకా నీకు అక్కనే అనుకుంటున్న,
అక్క