ముప్పై ఒకటో రూలూ, మిగతా ఆస్తీ: మేకల జోజి వీలునామా

కృష్ణా జిల్లా నూజివీడు కాపురస్తుడు, కీర్తిశేషులు చిన్నప్ప గారి కుమారుడు, రాఘవయ్య గారి మామిడికాయల కమీషన్ కొట్టులో పెట్టెలకు మేకులు కొట్టే పనివాడు, ఇరవై నాలుగేళ్ళ వయసు గల మేకల జోజి అనే నేను, మతి స్థిరంగా ఉండి, తాగకుండా, ఎవరూ బెదిరించకుండా, నా సొంత దస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. మతి స్థిరంగా ఉందని నేనంటే చాలదు, నలుగురూ అనాలి అన్నారు దస్తావేజులు రాసే ఆయన. నలుగురినీ అడిగితే ముగ్గురు నవ్వారు. కాబట్టి నా మాటే ఖాయం చేసుకోవలెను.

సోమవారం బెజవాడలో నాకు అపెండిక్స్ ఆపరేషను. చిన్నదే అన్నారు డాక్టరు గారు. కోసేది ఆయన కడుపు కాదు కదా. నేను తిరిగి రాకపోతే మూడేళ్ళు కూర్చుని కట్టిన నా ఆట ఏమవుతుందన్నదే నా బెంగ. రూల్సు నోటుబుక్కు షెడ్డులో దిక్కు లేకుండా పడుంటే వారంలో చింపి కాయలు చుట్టేస్తారు. అలా జరగకుండా ఈ కింది ఏర్పాట్లు చేస్తున్నాను.

1. ఆస్తి వివరం. మూడేళ్ళ కిందట కాయలు చుట్టడానికి హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన పాత కాగితాల కట్టలో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. నేను తొమ్మిదితో చదువు ఆపేసినవాణ్ణి. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆరు నెలలు చదివాను. అది ఒక ఆటకు రూల్సు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు అందులో వీరుడో, వైద్యురాలో, మంత్రగాడో అయి, ఏం చేస్తారో నోటితో చెబుతారు. చేయగలిగారా లేదా అన్నది రూలు తేలుస్తుంది. అంతా బాగానే ఉంది గానీ, కొట్లాట ఎలా తేల్చాలో చెప్పే పేజీలే లేవు. వాటిలో అప్పటికే చెరకు రసం కాయలు చుట్టి మైలవరం లారీకి ఎక్కించేశారు. ఆ పేజీలు నేనే రాశాను. రాస్తూ రాస్తూ మిగతావి కూడా మార్చేశాను. మొత్తం ఎనభై నాలుగు రూల్సు. నాకున్న ఆస్తి అదే.

2. నా తల్లి ఇన్నమ్మకు సైకిలు, రేడియో, నా గొంగళి సర్వహక్కులతో చెందవలెను. మా అమ్మ ఈ ఆటను చేతబడి అనుకుంటుంది. "మావాడు చింతగింజలు ముందేసుకుని పురుగుల్ని పిలుస్తున్నాడు ఫాదర్" అని గుళ్ళో చెప్పింది. అందుకు నేను వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ వారమంతా నా అన్నంలో ముద్దపప్పు, ఆవకాయ వెయ్యడం మాత్రం ఆమె మానలేదు. ఆమె మనసు కుదుటపడడానికి రాసి ఇస్తున్నాను: ఆ పురుగు నిజంది కాదమ్మా, ఆటలోది. నేనే కల్పించాను.

3. మా యజమాని రాఘవయ్య గారికి ఇరవై ముఖాల చెక్క పాచిక. ఇంగ్లీషు పుస్తకంలో అలాంటిది కావాలని ఉంది. అచ్చుతప్పు అనుకున్నాను. తరవాత పంతానికి పోయి పెట్టె చెక్కతో ఒక సీజను మొత్తం చెక్కాను. ఎలా వేసినా ఏడే పడుతుంది. అయ్యగారు దాన్ని కాగితాల మీద బరువుగా వాడుకోవచ్చు. "ఒరే, ఆ బుర్ర మేకుల మీద పెడితే రోజుకు ఇంకో ఇరవై పెట్టెలు లేస్తాయి" అని ఆయన అన్న మాట నేను మరచిపోలేదు. రోజుకు వంద పెట్టెలు కొడుతూనే ఎనభై నాలుగు రూల్సు రాశాను. అయ్యగారు ఎన్ని రాశారో చెప్పవలెను.

4. కొట్టు తరఫున బేరాలు చేసే వీరభద్రరావు గారికి నా ఎర్ర తువ్వాలు. దీనికి కొంచెం చరిత్ర ఉంది. బజారులో కాయల బేరం ఎలా జరుగుతుందో ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. పాచిక పనికిరాక, కొట్లాటలు కూడా అలాగే తేల్చాలని రూలు రాశాను. ఇద్దరూ తువ్వాలు కింద ఒకేసారి వేళ్ళు చాపాలి. ఎక్కువ చాపినవాడిది దెబ్బ.

మొదటి రోజు అందరూ ఐదేసి వేళ్ళు చాపారు. రెండు గంటలు ఐదుకు ఐదే. లారీ డ్రైవరు సువర్ణరాజు నిద్రపోయాడు. ఆ రాత్రే రూలు మార్చాను: పొద్దున్నే మనిషికి ఇరవై చింతగింజలు, చాపిన ప్రతి వేలికీ ఒక గింజ ఖర్చు, అయిపోతే ఆ రోజుకు ఒంట్లో ఓపిక అయిపోయినట్టు. అప్పుడు ఆట ప్రాణం పోసుకుంది. అంతలో ఈ వీరభద్రరావు గారు దిగారు. మామిడి టెంకను తొలిచే పురుగునే నేను ఆటలో కొండంత రాక్షసిని చేశాను; ఆ టెంకపురుగు ముందు నిలబడి రెండు వేళ్ళు చాపి, తువ్వాలు తీశాక "అవి పదులు" అన్నారు. బజారులో రెండు వేళ్ళంటే రెండూ కావచ్చు, ఇరవయ్యీ కావచ్చునట! రెండు గింజలు పెట్టి ఇరవై దెబ్బ కొట్టారు. నా పురుగు చచ్చింది. నేను మూడు నెలలు పెంచిన పురుగు. "రూలులో లేదుగా జోజీ?" అన్నారు. నిజంగానే లేదు. పన్నెండో రూలు ఆయన పుణ్యమే: వేలంటే వేలే.

అంత కంతలు వెతికే మనిషి కాబట్టి, ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆయనకే అప్పగిస్తున్నాను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. కానీ తాళం ఎక్కడ వదులో దొంగకే తెలుసు.

5. లారీ డ్రైవరు సువర్ణరాజుకు ఏమీ లేదు. కోపంతో కాదు. సాక్షిగా సంతకం పెట్టినవాడికి ఏమిచ్చినా చెల్లదట. ముందు సంతకం పెట్టేసి తరవాత "నాకేం రాశావురా?" అని అడిగాడు.

6. ఇక ముప్పై ఒకటో రూలు. "చచ్చినవాడు లేవడు." నాకు అన్నిటికంటే ఇష్టమైన రూలు ఇదే. ఇది లేకపోతే భయం లేదు, భయం లేకపోతే ఆట పిల్లలాట అనుకున్నాను.

షెడ్డులో కాయలు ఏరే లేయా మా ఆటలో రాహేలు అనే వైద్యురాలు. లేయా చేతికి కాయ ఇస్తే పైకి నున్నగా ఉన్నా లోపల పురుగుందో లేదో చెప్పేస్తుంది. ఆటలో కూడా అంతే, రూలు చేతికిస్తే ఎక్కడ కుళ్ళిందో చెబుతుంది. ఏప్రిల్లో రెండో పురుగు సువర్ణరాజు వీరుణ్ణి గుహలోకి లాక్కుపోయింది. రాహేలు తన గింజలు చాలావరకు వాడి గాయాలకే ఖర్చు చేసి, రెండే మిగిలి ఉండగా గుహలోకి చెయ్యి పెట్టింది. రెండు వేళ్ళు చాపింది. పురుగు తరఫున నేను మూడు చాపాను. పురుగు వీరుణ్ణి వదిలి రాహేలును పట్టుకుంది; వీరుడు బయటపడ్డాడు, రాహేలు చనిపోయింది.

"రూలు రాసింది నువ్వే, కొట్టెయ్యలేవా?" అంది లేయా. రూలు రూలే అన్నాను. "ఒక్క వేలికి మనిషిని చంపావు జోజీ. ఇకమీదట ఎవడు చెయ్యి పెడతాడో చూడు" అని లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆటకు రాలేదు.

నేను చూశాను. తరవాత ఐదు ఆటలు ఆడించాను. ఐదింట్లోనూ ఒక్కడంటే ఒక్కడు గుహలో చెయ్యి పెట్టలేదు. సువర్ణరాజు వీరుడు చెట్టు కింద కూర్చుని పూటంతా పులిహోర తిన్నాడు. వీరభద్రరావు గారి మంత్రగాడు పురుగుకు కమీషను ఇస్తానన్నాడు. గుహలో చిక్కుకున్నవాణ్ణి చూసి నలుగురూ బయట నిలబడి "పాపం" అన్నారు. భయం పుట్టించాలని రాసిన రూలు పిరికివాళ్ళని తయారు చేసింది. ఇది నాకు మే నెల మొదట్లోనే తెలుసు. చెప్పలేదు. రోజూ ఆమెకు పది అడుగుల దూరంలో మేకులు కొడుతూ చెప్పలేదు.

7. అందువల్ల సదరు నోటుబుక్కు, అందులోని కాగితాలూ, కాగితాల మీది రూల్సూ, రూల్సు మార్చే, కొట్టేసే, కొత్తవి రాసే హక్కుతో సహా లేయాకు చెందవలెను. ముప్పై ఒకటో రూలును నా చేత్తోనే అడ్డంగా కొట్టేశాను. దాని కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలాను. అక్కడ ఏం రాయాలో ఆమె ఇష్టం. ఇందుకు రాఘవయ్య గారు గానీ, వీరభద్రరావు గారు గానీ, నా తరఫువారు గానీ ఎలాంటి అభ్యంతరమూ చెప్పరాదు.

8. ఏ రూలూ నలుగురి చేతా ఆడించి చూడకుండా ఖాయం చేయను. ఈ వీలునామా కూడా నిన్న షెడ్డులో, భోజనాలయ్యాక, పైకి చదివాను. "నోటుబుక్కు అన్నావు, రూల్సు అనలేదే?" అన్నారు వీరభద్రరావు గారు. ఏడో అంశం అందుకే అంత పొడుగైంది. అవతల కాయలు ఏరుతున్న లేయా తలెత్తకుండానే అడిగింది: "బతికొస్తే ఏంటంట? దానికి రూలు రాసుకోలేదా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే రాయలేదు. ఎనభై నాలుగు రూల్సు రాసినవాణ్ణి, చావడానికే అన్నీ సర్దుకున్నాను గానీ బతకడానికి ఒక్క ముక్క రాసుకోలేదు.

కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. మనిషి చచ్చాకే వీలునామా చెల్లుతుందంటారు దస్తావేజుల ఆయన. అది ఆయన రూలు. నేను బతికొచ్చినా నోటుబుక్కు లేయాదే. ఇకమీదట కథ ఆమె నడపవలెను. కుట్లు ఆరాక నేను వచ్చి అందరితో పాటు కింద కూర్చుంటాను, నాకు ఇరవై గింజలు లెక్క పెట్టి ఇవ్వవలెను. నా వీరుడికి ఇంకా పేరు పెట్టలేదు. గుహలో ఎవరైనా చిక్కుకుంటే మొదట చెయ్యి పెట్టేది వాడే. పోతే పోతాడు. లేస్తాడో లేవడో లేయా చెప్పాలి, నేను ఎదురు చెప్పను.

ఇది నా సమ్మతితో రాసి, చదివి, చదివించి, ముగ్గురి చేత తిట్టించుకుని ఖాయం చేసిన వీలునామా.

నూజివీడు, 14 జూన్ 1986, శనివారం.

(సంతకం) మేకల జోజి

సాక్షులు:
1. సువర్ణరాజు, లారీ డ్రైవరు. (సంతకం)
2. సవరమ్మ, షెడ్డు ముందు టీ కొట్టు. (ఎడమచేతి బొటనవేలి ముద్ర. "ఒక్క వేలు చాలా?" అని అడిగింది. చాలన్నాము.)