అమ్ములు నవ్వు

సుధా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ పదకొండో రోజున నా మొహం ఎడమవైపు పడిపోతే, ఏడ్చి ఏడ్చి మూతి వంకరపోయిందనుకున్నాం అందరం. వారం ఆగి వెళ్లాను. మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే నరం కోలుకునేదేమో అంది డాక్టరు. ఇప్పటికీ ఆ కన్ను మూతపడదు. టేపు అంటించుకుని పడుకుంటాను.

నిన్న డేకేర్‌లో మన అమ్ములు ఫోటో ఇచ్చారు. మూతి ఒక పక్కకే లాగి నవ్వింది. భయపడి డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. దానికి ఏ జబ్బూ లేదన్నారు.

"డాడీ, నేను నీలాగే స్మైల్ చేశా!" అంది కార్‌లో.

దాని నవ్వు అచ్చం నీదేనని నువ్వు మురిసిపోయేదానివే, ఆ నవ్వు పోయింది సుధా. కార్ ఆపి, "అలా కాదమ్మా, ఇలా" అని నవ్వి చూపించబోయాను.

నాకు రాలేదు.